తాత తెచ్చుకున్న తలుగుకి ఎన్ని మార్కులు?

ముందు రెండు పేపర్లు చూద్దాం. ప్రశ్న ఒకటే: “మీ జీవితంలో మరచిపోలేని సంఘటన గురించి సొంతమాటల్లో రాయండి.” పది మార్కులు.

మొదటి పేపరు ఇలా ఉంది. “మానవ జీవితం సుఖదుఃఖాల సంగమం. ప్రతి మనిషి జీవితంలోనూ మరపురాని సంఘటనలు ఎన్నో ఉంటాయి. అలాగే నా జీవితంలో కూడా ఒక మరపురాని సంఘటన జరిగింది. ఒకరోజు నేను పాఠశాలకు వెళ్తుండగా ఒక ముసలి అవ్వ రోడ్డు దాటలేక అవస్థ పడుతూ కనిపించింది. ఆమెను చూసి నా హృదయం ద్రవించింది. వెంటనే ఆమె చేయి పట్టుకొని రోడ్డు దాటించాను. ఆమె నన్ను మనసారా ఆశీర్వదించింది. ఈ సంఘటన ద్వారా పరోపకారం యొక్క గొప్పతనాన్ని నేను తెలుసుకున్నాను. పరోపకారార్థమిదం శరీరం.”

రెండోది: “మా తాత బర్రెను అమ్మనీకి అంగడికి పోయినం. పొద్దుగాల నాలుగింటికే లేపిండు. ట్రాలీ ఆటోల బర్రె పక్కన నేను నిలబడ్డ. అంగడిల మస్తు మంది ఉన్నరు. ఒకాయన తువ్వాల కింద తాత చెయ్యి పట్టుకొని ఏళ్లు నొక్కుతున్నడు. తాత తల అడ్డం ఊపుతున్నడు. చానసేపటికి బేరం అయింది. తాత బర్రెను ఇచ్చిండు గాని తలుగు ఇయ్యలే. ఇప్పి భుజం మీద ఏసుకున్నడు. నాకు మిర్చిబజ్జి కొనిచ్చిండు. ఆయన తినలే. ఇంటికొచ్చినంక కొట్టంల గుంజకు ఆ తలుగు మల్ల కట్టిండు. బర్రె లేదు కద తాతా అన్న. ఏం అనలే. పైసలు అవ్వ చేతుల పెట్టి పండుకున్నడు. ఇది నాకు మరచిపోలేని సంఘటన.”

తలుగు అంటే పశువుని కట్టే తాడు. ఈ రెండూ ఈ వ్యాసం కోసం కల్పించినవే, కానీ తెలుగు చెప్పే టీచర్లు ఎవరైనా ఇలాంటివి కట్టలకొద్దీ చూసి ఉంటారు. మొదటిది గుండ్రటి దస్తూరి, ఎడమవైపు మార్జిను, సూక్తి కింద అండర్‌లైను. రెండోదాన్లో నిజానికి ఇంకో నాలుగు ఒత్తులు ఎగిరిపోయి, రెండు కొట్టివేతలు, ఒక ఇంకు మరక కూడా ఉంటాయి. అలవాటైన పద్ధతిలో దిద్దితే మొదటిదానికి ఎనిమిది, రెండోదానికి అయిదు. కాస్త జాలి ఉన్న టీచరైతే అయిదున్నర. భాష మీద పట్టింపు ఎక్కువున్నవాళ్లయితే నాలుగు. అసలు చదివించేది, చదివాక గుర్తుండేది ఏదంటే మాత్రం, ఆ టీచర్లే తడుముకోకుండా రెండోది అంటారు. స్టాఫ్ రూములో పక్కవాళ్లకి చదివి వినిపించేదీ అదే. బాగున్నదని తెలిసీ మార్కు తక్కువ ఎందుకు పడుతోంది?

ఇది ఇక్కడి టీచర్ల లోపమేమీ కాదు. 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఒక పని చేశారు. హైస్కూలు పిల్లల ఇంగ్లీషు పేపర్లు రెండు తీసుకుని, వాటి నకళ్లు బోలెడన్ని స్కూళ్లకి పంపి, మీ పద్ధతిలోనే దిద్ది పంపండి అన్నారు. 142 మంది దిద్దిన మార్కులు లెక్కకి అందాయి. ఒకే పేపరుకి ఒకరు 64 వేస్తే ఇంకొకరు 98 వేశారు. రెండో పేపరుకి 50 నుంచి 97 దాకా పడ్డాయి. భాష కదా, అలాగే ఉంటుంది, లెక్కలైతే ఇలా కాదు అని కొందరన్నారట. మరుసటి ఏడు జామెట్రీ పేపరుతో అదే చేస్తే తేడా ఇంకా పెరిగింది.

ఇంతకంటే పనికొచ్చేది 1961లో అమెరికాలోనే పాల్ డీడరిక్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు చేసిన పని. కాలేజీ మొదటి ఏడాది పిల్లలు రాసిన 300 వ్యాసాల్ని 53 మందికి ఇచ్చారు. వాళ్లలో ఇంగ్లీషు ప్రొఫెసర్లున్నారు, సైన్సు వాళ్లున్నారు, రచయితలు, సంపాదకులు, లాయర్లు, వ్యాపారులు కూడా ఉన్నారు. ఏ కొలమానమూ చెప్పకుండా, మీకు తోచినట్టు తొమ్మిది దొంతరలుగా పెట్టండి అన్నారు. 300లో 101 వ్యాసాలు తొమ్మిదికి తొమ్మిది దొంతరల్లోనూ పడ్డాయి, అంటే ఒకరికి పరమ చెత్త అనిపించింది ఇంకొకరికి అద్భుతం. అయిదుకంటే తక్కువ రకాల గ్రేడు పడ్డ వ్యాసం ఒక్కటీ లేదు. ఇక్కడితో ఆగితే “అంతా ఎవరిష్టం వాళ్లది” అని చేతులు దులుపుకోవచ్చు. కానీ డీడరిక్ ఆ అయోమయంలోంచి ఒక వరుస బయటికి లాగాడు. దిద్దేవాళ్లలో అయిదు గుంపులు తేలాయి. ఒక గుంపు చెప్పిన విషయం చూసింది, ఒకటి తప్పులు చూసింది, ఒకటి అమరిక చూసింది, ఒకటి మాటల ఎంపిక చూసింది, ఇంకొకటి రాసినవాడి గొంతు వినబడుతోందా లేదా అని చూసింది. ఎవరూ మరీ అడ్డదిడ్డంగా దిద్దలేదన్నమాట. ఒక్కో గుంపు ఒక్కోదాన్ని కొలిచి, అందరూ దానికి “మంచి వ్యాసం” అనే పేరే పెట్టుకున్నారు.

మన రెండు పేపర్ల గొడవ కూడా ఇదే. మొదటిది తప్పుల లెక్కలో గెలిచింది. రెండోది గొంతులో గెలిచింది. మనం ఏది కొలుస్తున్నామో ముందుగా అనుకోలేదు కాబట్టి, పెన్ను దేన్ని సులభంగా లెక్కపెట్టగలదో దానికే మార్కు వెళ్లింది. ఒత్తు పోతే కనబడుతుంది, సున్నా చుట్టొచ్చు. తాత బజ్జీ తినకపోవడం ఎక్కడ చుడతారు?

పైగా టైము. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్లో ఒక అసిస్టెంట్ ఎగ్జామినర్‌కి మామూలుగా రోజుకి 40 పేపర్లు. పని గంటలు ఏడనుకున్నా ఒక్కో పేపరుకి పది నిమిషాలు. అందులో పద్యం, ప్రతిపదార్థం, సంధులు, సమాసాలు, బిట్లు అన్నీ పోగా, ఒక పిల్లాడు తన జీవితంలోంచి తీసి రాసిన పేజీకి ఒకటిన్నర నిమిషం మిగిలితే గొప్ప. ఏప్రిల్ ఎండ, తిరగని ఫ్యాను, సాయంత్రానికి కట్ట అప్పజెప్పాలన్న టెన్షన్. ఆ స్థితిలో కన్ను మొదటి మూడు లైన్లు, చివరి రెండు లైన్లు చూస్తుంది, మధ్యలో పొడవు చూస్తుంది. ఈ సంగతి పిల్లలకి మనకంటే బాగా తెలుసు. అందుకే మొదట ఒక సూక్తి, చివర ఒక నీతి, మధ్యలో ఏదైనా సరే. ఇప్పుడు బుక్‌లెట్లు వచ్చాయి గానీ, ఒకప్పుడు పరీక్ష అయ్యాక హాలు బయట మొదటి ప్రశ్న “ఎన్ని అడిషనల్స్ తీసుకున్నావురా?” అన్నదే. పొడవుకి మార్కులు పడటం కూడా మన ఒక్కళ్ల రోగం కాదులెండి. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్షలో 2005లో వ్యాసం పెట్టినప్పుడు, ఎంఐటీలో రచన నేర్పే లెస్ పెరల్‌మన్, ఆ పరీక్ష పెట్టే కాలేజీ బోర్డు విడుదల చేసిన నమూనాలు చూసి, వ్యాసం ఎంత పొడవైతే స్కోరు అంత పెరుగుతోందని చూపించాడు. చదవకుండా దూరం నుంచి పొడవు చూసి కూడా మార్కు ఊహించొచ్చన్నంత దగ్గరి సంబంధం అది.

సరే, కొలవాల్సింది ఏంటి? సొంత అనుభవం రాయమన్నప్పుడు పిల్లాడు చేసే పని నిజానికి మూడు ముక్కల్లో ఉంటుంది: ఒక సంగతి ఎంచుకోవడం, అందులో ఏం ఉంచాలో ఏం వదలాలో తేల్చుకోవడం, దాన్ని ఇవతలి మనిషికి కనబడేలా చెప్పడం. జరిగిన సంగతి ఎంత పెద్దది అనేది ఇందులో లేదు. ఇది ఒప్పుకోవడం చాలామందికి కష్టం, ఎందుకంటే పెద్ద సంఘటన చదవగానే మనసు కదులుతుంది, కదిలిన మనసు మార్కు వేస్తుంది. నాన్న చనిపోయిన రోజు గురించి రాసిన పిల్లకి తొమ్మిది వేసి, సైకిలు చెయిన్ ఊడిన రోజు గురించి రాసిన పిల్లాడికి ఆరు వేస్తే, మనం రాతకి మార్కు వేశామా, కష్టానికి వేశామా? కష్టానికి వేసేది ఓదార్పు అవుతుంది, అది వేరే చోట, వేరే రకంగా ఇవ్వాలి. పైగా దాని పర్యవసానం క్లాసులో మరుసటి వారమే తెలుస్తుంది. నిక్షేపంగా ఉన్న నాయనమ్మలు, అమ్మమ్మలు వ్యాసాల్లో వరసపెట్టి చనిపోవడం మొదలుపెడతారు.

రెండో పేపర్లోకి మళ్లీ వెళ్దాం, ఎందుకంటే అక్కడ నేర్చుకునేది ఎక్కువుంది. ఆ పిల్లాడు “మా తాత చాలా బాధపడ్డాడు” అని ఎక్కడా రాయలేదు. రాయకపోవడం వాడికి తెలిసి చేశాడా, తెలియక జరిగిందా అన్నది దిద్దేవాళ్లకి అక్కర్లేదు, కాగితం మీద ఉన్నదే లెక్క. బాధ ఎక్కడుంది? బర్రెని ఇచ్చి తలుగు ఇవ్వకపోవడంలో ఉంది, మనవడికి బజ్జీ కొని తను తినకపోవడంలో ఉంది, ఖాళీ కొట్టంలో గుంజకి తాడు కట్టడంలో ఉంది. ఒక్క తాడు మూడు చోట్ల కనబడుతుంది: అంగట్లో చేతిలో, దారిలో భుజం మీద, ఇంట్లో గుంజకి. ఇదే అమరిక. అమరిక అంటే ‘ఉపోద్ఘాతం, విషయం, ముగింపు’ అని సైడ్ హెడ్డింగులు పెట్టడం అనుకున్నంత కాలం ఈ అమరిక మన కంటికి ఆనదు. తువ్వాల కింద వేళ్లు నొక్కుతున్నారన్న వాక్యం చూడండి. అది పశువుల సంతల్లో బేరం చేసే పద్ధతి, ధర పక్కవాడికి తెలియకుండా ఉండటానికి. వాడు దాన్ని వివరించలేదు, చూసింది చూసినట్టు పెట్టాడు. ధర ఎంతో వాడికీ తెలియదు, మనకీ తెలియదు. ఆ వయసు పిల్లాడు నిలబడ్డ చోటు నుంచే కథ చెప్పాడన్నమాట, పెద్దవాళ్ల నోరు అరువు తెచ్చుకోలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, జాలితో వాటిని మింగేయకూడదు. అంగడి ఏ ఊరిదో లేదు. ఇరవై ముప్పై వాక్యాలకి చాలిన సరుకుంటే పదహారు పొట్టి వాక్యాల్లో పరిగెత్తించాడు. “మస్తు మంది ఉన్నరు” అనేది ఏ సంతకైనా సరిపోయే వాక్యం. ఆ బర్రెకి ఒక పేరో, ఒక గుర్తో, ఒక అలవాటో లేకపోవడం పెద్ద వెలితి, రోజూ దానికి గడ్డి వేసిన ఇంట్లో పిల్లాడికి అది తెలియకుండా ఉండదు కదా. ఇక ఆ చివరి వాక్యం, “ఇది నాకు మరచిపోలేని సంఘటన” అన్నది ప్రశ్నపత్రానికి ఇచ్చిన రశీదు. దాని ముందు వాక్యంతో ఆగి ఉంటే ఇంకో అర మార్కు ఖాయం.

మొదటి పేపర్లో ఇలా వెతికితే దొరికేది తక్కువ. అవ్వ ఎవరు, ఏ రోడ్డు, ఏ టైము, అవ్వ ఏమంది? “మనసారా ఆశీర్వదించింది” అంటే ఏ మాటలతో? నిజంగా రోడ్డు దాటించిన పిల్లకి ఆ చేతి స్పర్శో, వెళ్లిపోతున్న బస్సో, లేటైనందుకు టీచరు తిట్టిందో ఏదో ఒకటి అంటుకుని ఉంటుంది. ఏదీ అంటుకోని సంఘటన గైడులోంచి వచ్చి ఉంటుందని అనుమానించడం సహజం. నిజానికి “సొంతమాటల్లో రాయండి” అన్న ప్రశ్నకి రెడీమేడ్ జవాబులు అచ్చేసి అమ్మడం మన దగ్గర మామూలు వ్యాపారం, క్లాసులో “ఈ పాయింట్లు రాసుకోండి” అని డిక్టేట్ చేయడం అంతకంటే మామూలు. ఇంకో విచిత్రం ఏంటంటే మన తెలుగు పరీక్షల్లో ఆత్మకథలు తక్కువేం కాదు, చెట్టు ఆత్మకథ, నది ఆత్మకథ, చిరిగిన పుస్తకం ఆత్మకథ అని పిల్లల చేత రాయిస్తూనే ఉంటారు. పిల్లాడి ఆత్మకథ అడిగే సందర్భాలే తక్కువ. పదేళ్లు చెట్టుగానూ నదిగానూ మాట్లాడి, ఒక్కసారిగా నీ గురించి చెప్పు అంటే నోరు పెగలకపోవడంలో వింతేముంది.

ఇప్పుడు భాష సంగతి. రెండో పేపర్లో “పోయినం, ఇయ్యలే, పండుకున్నడు” అన్నవాటికి మార్కు కోయాలా? ఈ తగువు వయసు వందేళ్లు దాటింది. గిడుగు రామమూర్తి, ఆయన వైపువాళ్లు పోరాడితే 1912–13లో స్కూల్ ఫైనల్ వ్యాసం కావ్యభాషలోనైనా ఆధునిక భాషలోనైనా రాసుకోవచ్చని అనుమతి వచ్చింది. పండితుల ఆందోళన తర్వాత 1914లో ఆ వెసులుబాటు పోయింది. గమనించాల్సింది ఏంటంటే ఆ గొడవ రాజుకున్నది కూడా పరీక్ష పేపర్లో పిల్లాడు రాసే వ్యాసం మీదే. ఏటా ఆగస్టు 29న గిడుగు జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం, దండ వేస్తాం, ఆ మర్నాడు “నేను పోయిన” అని రాసిన పాలమూరు పిల్లాడి వాక్యం కింద ఎర్రగీత గీస్తాం. “పోయిన” అనేది ఆ పిల్లాడి ఇంట్లో పూర్తి వ్యాకరణం ఉన్న క్రియ. ‘పోయాను’ అని రాయలేక చేసిన పొరపాటుగా దాన్ని చూడటం తప్పు. శ్రీకాకుళం పిల్ల “ఎల్లిపోనాది” అన్నా, చిత్తూరు పిల్లాడు “పొయినాము” అన్నా అంతే.

అలాగని అన్నీ వదిలేయమని కాదు. ప్రామాణిక భాషలో రాయడం నేర్పాల్సిన నైపుణ్యమే, ఉద్యోగానికి అర్జీ పెట్టేటప్పుడు అది కావాలి. కానీ లేఖకీ, అర్జీకీ, వ్యాసానికీ కలిపి ఒకే కొలత వాడటంలో చిక్కుంది. సొంత అనుభవం చెప్పేటప్పుడు మాండలికం గొంతులో భాగం, కాబట్టి దాని మీద కోత ఉండకూడదు. అక్షరదోషాలు వేరు. ల, ళ తారుమారైనా, శ, ష, స కలగాపులగమైనా, ఒత్తు ఎగిరిపోయినా అవి తప్పులే. అయితే ఒకే తప్పు ఎనిమిది సార్లు వస్తే అది ఒక్క తప్పు, ఎనిమిది కాదు. ఆ పిల్లాడికి ఆ ఒక్కటీ నేర్పితే ఎనిమిదీ పోతాయి. మొత్తం పదిలో అక్షరదోషాల వాటా రెండుకి మించితే కథ రాయమని అడగడం దండగ, డిక్టేషన్ పెట్టుకోవచ్చు.

వేరే చోట్ల ఈ వాటాలు ఎలా పంచుకున్నారో చూస్తే కొంత ధైర్యం వస్తుంది. డీడరిక్ తయారుచేసిన 50 మార్కుల పట్టీలో విషయానికి, అమరికకి చెరో పది, మాటల ఎంపిక, గొంతు, వాడుక, విరామచిహ్నాలు, స్పెల్లింగు, చేతిరాత, ఈ ఆరింటికి తలా అయిదు. చేతిరాతకి కూడా విడిగా గడి పెట్టడం తెలివైన పని. దస్తూరి ప్రభావం ఎలాగూ పడుతుంది, దాన్ని ఒక గడిలో బంధించేస్తే మిగతా గడుల్లోకి పాకకుండా కాస్త ఆపొచ్చు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్, సిడ్నీల్లో ఉన్న తెలుగు తల్లిదండ్రులకి నాప్లాన్ అనే అక్కడి బడిపిల్లల జాతీయ పరీక్ష తెలిసే ఉంటుంది. అందులో కథనం రాయమన్నప్పుడు పది అంశాల మీద 47 మార్కులు వేస్తారు. చదివేవాడిని పట్టుకోవడానికి ఆరు, ఆలోచనలకి అయిదు, పాత్రలు, పరిసరాల చిత్రణకి నాలుగు, పేరా విడగొట్టడానికి రెండు, స్పెల్లింగుకి ఆరు, ఇలా. అక్కడ ఎక్కువగా కల్పిత కథలే కాబట్టి మనకి అచ్చంగా సరిపోదు. పైగా పది గడులున్న పట్టీతో ఒక చిక్కుంది. గడులన్నీ నింపి, మొత్తం కూడాక, వచ్చిన అంకె చూసి “ఇదేంటి, ఈ పేపరుకి ఇంత తక్కువా?” అనిపిస్తుంది. అప్పుడు టీచర్లు చేసే పని అందరికీ తెలుసు, వెనక్కి వెళ్లి గడులు సర్దుతారు. అలా అనిపించిందంటే పట్టీలో ఏదో ముఖ్యమైన గడి లేదని అర్థం.

అందుకే ఇంకో దారి. 1927లో ఎల్.ఎల్. థర్‌స్టన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త, మనుషులు ఒక వస్తువుకి విడిగా అంకె వేయడంకంటే రెండింటిని పక్కపక్కన పెట్టి ఏది మెరుగో చెప్పడంలో నయం అన్న ఆలోచన మీద ఒక సూత్రం కట్టాడు. ఇంగ్లండులో చాలా ప్రైమరీ స్కూళ్లు పిల్లల రాతల్ని ఈ పద్ధతిలో చూస్తున్నాయి. రెండు పేపర్లు తెర మీద వస్తాయి, టీచరు ఏది మెరుగో నొక్కుతారు, ఇలా చాలామంది చాలాసార్లు నొక్కితే మొత్తం పేపర్లకి ఒక వరస తేలుతుంది. మన బడిలో అంత ఏర్పాటు అక్కర్లేదు. 40 పేపర్ల కట్టని పెన్ను పక్కన పెట్టి ఒకసారి చదివి, నేల మీద మూడు దొంతరలు పెట్టుకోవచ్చు. పై దొంతర నుంచి ఒకటి, మధ్య నుంచి ఒకటి, కింద నుంచి ఒకటి నమూనాగా తీసి, పక్క సెక్షన్ టీచరుతో “ఇది ఎనిమిది, ఇది ఆరు, ఇది నాలుగు, సరేనా?” అని ముందే తేల్చుకుంటే, ఆ తర్వాత ప్రతి పేపరునీ ఆ మూడింటి పక్కన పెట్టి చూడటమే. మొదట్లో గట్టిగా పట్టి, లంచ్ తర్వాత చెయ్యి జారవిడిచే అలవాటుకి కూడా ఇది కళ్లెం. గొప్ప పేపరు తర్వాత వచ్చిన మామూలు పేపరు అన్యాయమైపోవడం కూడా తగ్గుతుంది.

అబద్ధం రాస్తే? ఎప్పుడూ వచ్చే ప్రశ్న. బర్రెని అమ్మింది వాళ్ల తాత కాకుండా పక్కింటి తాత అయితే మార్కు తగ్గించాలా? తగ్గించడానికి ఆధారం ఉండదు, వెతకడం కూడా అనవసరం. కానీ ఈ మధ్య ఫోనులో ఒక వాక్యం కొడితే ‘మరపురాని సంఘటన’ క్షణాల్లో తయారై వస్తోంది, అందులో వాన కురుస్తుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, చివర్లో ఒక అవగాహన కలుగుతుంది. ఒకరకంగా గైడు చేసిన పనే ఇదీ, కాస్త నున్నగా. దీన్ని పట్టుకోవడానికి యంత్రాల్ని నమ్ముకోవడం ప్రమాదం, నిజంగా రాసిన పిల్లల్ని కూడా అవి దొంగల్ని చేస్తాయి. అంతకంటే పేపరు చేతికిస్తూ రెండు ప్రశ్నలు అడగడం సులువు. “బజ్జీలు కొన్నది అంగట్లోనా, దారిలోనా?” రాసినవాడికి రెండు సెకన్లు పడుతుంది.

రెడీమేడ్ మాటలతో పేజీ నింపే ఈ పాత అలవాటు పదో తరగతితో పోదు కూడా. అమెరికాలో మన పిల్లలు కాలేజీల ఉమ్మడి దరఖాస్తు కామన్ యాప్‌లో రాసే వ్యాసం 650 మాటలు దాటకూడదు, అయినా మొదటి వందా ‘జీవితం ఒక ప్రయాణం’కే పోతుంది. ఇక్కణ్ణుంచి ఎంఎస్‌కి వెళ్లే పిల్లలు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెబుతూ రాసే ఎస్ఓపీలైతే చెప్పనక్కర్లేదు, కన్సల్టెన్సీ టెంప్లేటులో అందరికీ చిన్నప్పుడే నాన్న కంప్యూటర్ కొనిచ్చి ఉంటాడు, అందరికీ అప్పుడే టెక్నాలజీ మీద మక్కువ పుట్టి ఉంటుంది. చదివే అడ్మిషన్ల కమిటీకి అది వందో కంప్యూటరు.

ఒక విషయంలో మాత్రం మార్కుల మాటే రాకూడదు. సొంత జీవితం రాయమని అడిగినప్పుడు అప్పుడప్పుడు ఒక పిల్ల, ఎవరికీ చెప్పుకోలేనిది రాసేస్తుంది. ఇంట్లో కొడుతున్నారనో, బంధువు ఒకాయన తప్పుగా ముట్టుకుంటున్నాడనో. అది చదివి “భావవ్యక్తీకరణ బాగుంది, 8” అని వేసి కట్టలో పెట్టేయడం కంటే ఘోరం లేదు. లైంగిక వేధింపు జరిగిందన్న అనుమానం కలిగినా పోలీసులకి తెలియజేయాల్సిన బాధ్యత 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద చదివిన మనిషి మీద ఉంది, టీచరైనా సరే. చెప్పకపోవడం నేరం. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098. ఆ పేపరుని స్టాఫ్ రూములో చేతులు మార్చకూడదు, క్లాసులో చదవకూడదు. ప్రశ్న ఇచ్చేటప్పుడే “మీరు చెప్పుకోవడానికి ఇబ్బంది లేనిదే రాయండి, చిన్నదైనా ఫర్వాలేదు” అని ఒక వాక్యం చేరిస్తే, ఇష్టం లేకుండా గాయం విప్పాల్సిన అవసరం పిల్లలకి ఉండదు.

మళ్లీ మన రెండు పేపర్లకి. పదిలో ఎంచుకున్న సంగతికి, అందులో ఏం ఉంచారన్నదానికి నాలుగు, చెప్పిన క్రమానికి రెండు, గొంతుకి రెండు, అక్షరదోషాలకి రెండు అనుకుందాం. రెండో పేపరుకి మూడున్నర, ఒకటిన్నర, రెండు, ఒకటి, వెరసి ఎనిమిది. మొదటిదానికి ఒకటి, ఒకటి, సున్నా, రెండు, వెరసి నాలుగు. ఎప్పుడూ ఎనిమిది తెచ్చుకునే పిల్లకి నాలుగు వస్తే మరునాడు వాళ్లమ్మ బడికి వస్తుంది, రావడం న్యాయం కూడా, ఎందుకంటే ఇన్నాళ్లూ అలాగే రాయమని నేర్పింది బడే. కాబట్టి మొదటిసారి అంకె వేయకుండా ఇద్దరి పేపర్ల మీదా పెన్సిలుతో ఒక్కో ప్రశ్న మాత్రం రాసి వెనక్కిచ్చి, వారం తర్వాత మళ్లీ రాయించి, దానికి మార్కు వేయడం మేలు. రెండోవాడికి “బర్రె ఎలా ఉండేది?” అని. మొదటి పిల్లకి “అవ్వ చేతిలో ఏముంది?” అని.

అవ్వే లేకపోతే ఆ పిల్ల ఈసారి ఇంకేదైనా రాసుకొస్తుంది.